శాపం ఎవరి మీద? మంత్రగ్రంథానికి చరిత్ర కట్టడంలో మొదటి ప్రశ్న

ఊహాలోకాల కథల్లో శాపగ్రస్త గ్రంథం తరచూ కనిపిస్తుంది. నల్లటి అట్ట, వెయ్యేళ్ల వయసు, ముట్టుకున్నవాళ్లెవరూ బతకలేదన్న ప్రచారం. ఇంతవరకూ ఎవరైనా రాస్తారు. కానీ ఒక్క ప్రశ్న వేస్తే చాలా గ్రంథాల చరిత్ర అక్కడే కూలిపోతుంది. ముట్టుకున్న ప్రతివాడూ చచ్చిపోతే లోపల ఏముందో లోకానికి ఎలా తెలిసింది? వెయ్యేళ్లపాటు దాన్ని ఎవరు మోశారు? చెద పట్టకుండా ఎవరు చూశారు? చిరిగిన కుట్టు ఎవరు మళ్లీ కుట్టారు?

పుస్తకంతో మనిషి చేసే పనులు కొన్నే. చదువుతాడు, నకలు తీస్తాడు, దగ్గర పెట్టుకుంటాడు, దొంగిలిస్తాడు, నాశనం చేయబోతాడు. శాపం వీటిలో ఏ పనికి తగులుతుందో ముందుగా తేల్చుకోవాలి. అది తేలితే చరిత్రలో సగానికి పైగా దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. తేలకపోతే ఎన్ని రాజవంశాలు, ఎన్ని యుద్ధాలు పేర్చినా ఆ గ్రంథం కథలో అలంకారంగానే మిగిలిపోతుంది.

దొంగ మీద శాపం

నిజ ప్రపంచంలో పుస్తకాల మీద రాసిన శాపాలు దాదాపు అన్నీ ఈ కోవలోవే. క్రీ.పూ. 7వ శతాబ్దంలో నినెవే నగరం నుంచి ఏలిన అసిరియా రాజు అషుర్‌బనిపాల్ మట్టిపలకల గ్రంథాలయం పెట్టాడు. ఆ పలకలూ ముక్కలూ 30 వేలకు పైగా ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో కొన్నింటి చివర ఒక హెచ్చరిక ఉంటుంది: ఈ పలకను ఎత్తుకుపోయినవాడినీ, నా పేరు చెరిపి తన పేరు రాసుకున్నవాడినీ అషూర్, నిన్లిల్ దేవతలు కూలదోసి, వాడి పేరూ వంశమూ నేల మీద లేకుండా చేస్తారు.

ఈ హెచ్చరికలో మూడు భాగాలున్నాయి. ఏ పని తప్పో చెప్పారు, శిక్ష ఏమిటో చెప్పారు, ఆ శిక్ష వేసే అధికారం ఎవరిదో చెప్పారు. శిక్ష కూడా తప్పుకు తగ్గట్టే ఉంది: పేరు చెరిపినవాడి పేరు చెరిగిపోతుంది. కల్పిత లోకంలో శాపం రాసేటప్పుడు ఈ మూడింటిలో ఎక్కువగా ఎగిరిపోయేది మూడోది. అధికారం ఎవరిదో చెప్పకపోతే, ఆ దేవత ఆరాధన ఆగిపోయిన తరువాత శాపం పనిచేస్తుందా లేదా అన్న మంచి ప్రశ్న కథకు దక్కకుండా పోతుంది. గుడి పాడుబడి, దేవతను కొలిచే చివరి మనిషి కూడా పోయినప్పుడు దొంగకు ధైర్యం రావచ్చు. అది తప్పుడు ధైర్యమా కాదా అన్నదే ఒక కథ.

మధ్యయుగపు ఐరోపా మఠాల్లోనూ ఇదే పద్ధతి. పుస్తకం దొంగిలించినవాడు మతం నుంచి వెలి అని చివరి ఆకు మీద రాసేవారు. డబ్బున్న గ్రంథాలయాలు పుస్తకాలను అరలకు గొలుసులతో కట్టేసేవి కూడా. ఇంగ్లండ్‌లోని హెరెఫర్డ్ కథీడ్రల్‌లో అలాంటి గొలుసుల గ్రంథాలయం ఇప్పటికీ ఉంది. గొలుసు ఆ గదిలోనే కాపలా కాస్తుంది, శాపం గది దాటాక కూడా వెంటపడుతుంది. అందుకే బయటికి వెళ్లే పుస్తకాల మీదా, చేతులు మారే పుస్తకాల మీదా శాపం బరువుగా ఉండటం సహజం. సంస్కృత లేఖకుల సంప్రదాయంలో స్వరం వేరు. అక్కడ రాతప్రతి చివర పుస్తకమే మాట్లాడుతుంది: నూనె నుంచి కాపాడు, నీటి నుంచి కాపాడు, వదులు కట్టు నుంచి కాపాడు, మూర్ఖుడి చేతికి ఇవ్వకు. బెదిరింపు ఒక్కటీ లేని ఈ వేడుకోలు ఊహాలోకపు గ్రంథానికి ఇంకా బాగా నప్పుతుంది. నాలుగు జాగ్రత్తల్లో ఒకదాన్ని ఎవరో ఉపేక్షించారు, శాపం అక్కడ మొదలైంది అని చెప్పవచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. దొంగ చేతిలో పుస్తకం పాముగా మారాలని, వాడికి పక్షవాతం రావాలని శపించే ఒక పాఠాన్ని బార్సిలోనా మఠానిది అంటూ చాలాచోట్ల ఉటంకిస్తుంటారు. అది మధ్యయుగానిది కాదు. 1909లో అమెరికన్ గ్రంథాలయాధికారి ఎడ్మండ్ పియర్సన్, 18వ శతాబ్దపు పంచాంగమని నమ్మిస్తూ తెచ్చిన ఒక సరదా పుస్తకంలోది. కల్పిత చరిత్ర రాసేవాళ్లకు ఇదొక వరం. శాపం అసలు గ్రంథంలో లేకపోవచ్చు, మూడు వందల ఏళ్ల తరువాత ఎవరో అతికించి ఉండవచ్చు. అతికించినది అసలుకన్నా గట్టిగా నిలిచిపోవడమూ జరుగుతుంది.

చదివినవాడి మీద శాపం

డెన్మార్క్, నార్వే జానపద కథల్లో సిప్రియానస్ అనే పేరుతో తిరిగే మంత్రాల పుస్తకాలున్నాయి. తెలియక చదువుతూ పోతే పిలవనివాళ్లు వచ్చి నిలబడతారు. చదివినదంతా వెనక నుంచి ముందుకు చదివితేనే వాళ్లు వెళ్తారు. ఈ చిన్న నియమం కథకు ఎంత మేలు చేస్తుందో చూడండి. ప్రమాదం చదివిన మేరకే ఉంటుంది, తప్పించుకునే దారి ఉంటుంది, ఆ దారికి తెలివీ ఓపికా కావాలి. పది పుటలు చదివినవాడు పది పుటలూ వెనక్కి చదవాలి, ఎదురుగా ఎవరు నిలబడి ఉన్నా సరే.

చదవడమే ప్రమాదమైతే ఆ గ్రంథం చరిత్రలో కొన్ని జాడలు తప్పక కనిపించాలి. కాపలాకు అక్షరం రానివాళ్లను పెట్టి ఉంటారు. గ్రంథాలయపు జాబితాలో లోపలి విషయం ఉండదు, పైరూపమే ఉంటుంది: "పెద్ద గ్రంథం ఒకటి, చెక్క అట్టలు, ఇత్తడి కొక్కేలు రెండు, ఒకటి విరిగింది. మొదటి పంక్తి చూడలేదు." సాధారణంగా పాత జాబితాలు గ్రంథాన్ని గుర్తుపట్టడానికి ఆద్యంతాలు, అంటే మొదటి పంక్తీ చివరి పంక్తీ, రాసుకుంటాయి. అన్ని గ్రంథాలకూ ఆద్యంతాలు రాసిన గుమాస్తా ఈ ఒక్కదాని దగ్గర "చూడలేదు" అని రాస్తే, భయం ఎంతదో పాఠకుడికి అర్థమవుతుంది. ఒక పేజీ వర్ణన చేయలేని పని ఆ ఒక్క మాట చేస్తుంది.

తరచూ జరిగే తప్పు ఏమిటంటే, చదివినవాళ్లంతా చచ్చారని రాసి, ఆ పక్కనే గ్రంథంలోని మంత్రాలన్నీ వివరంగా చెప్పేయడం. తెలిసిన ప్రతి ముక్కకూ ఒక దారి చూపాలి. ఇద్దరు చెరో పంక్తి చదివి ఉండవచ్చు, భాష తెలియని చిత్రకారుడు అక్షరాలను బొమ్మలుగా గీసుకుని ఉండవచ్చు, ఎవరో మూడో పుట దగ్గర ఆగిపోయి ఉండవచ్చు. అప్పుడు మూడు పుటల వరకే లోకానికి తెలియాలి.

నకలు తీసినవాడి మీద శాపం

అన్నిటికన్నా లోతైనది ఇదే, కథల్లో అన్నిటికన్నా తక్కువగా వాడేదీ ఇదే. అచ్చు లేని లోకంలో గ్రంథం బతకడమంటే నకలు కావడమే. నకలు తీయడానికి ఎవరూ సాహసించకపోతే లోకమంతటికీ ఒక్క ప్రతే ఉంటుంది, దానికోసం కొట్లాట ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. నకళ్లు ఉన్నాయంటే మాత్రం పాఠభేదాలు వస్తాయి. పాఠభేదాలు వస్తే మంత్రాలు మారతాయి.

లేఖకులు చేసే పొరపాట్లు ఇష్టం వచ్చినట్టు జరగవు, వాటికి తీరుతెన్నులున్నాయి. వాటిలో ప్రసిద్ధమైనది కన్ను జారడం. దగ్గర దగ్గరగా రెండు వాక్యాలు ఒకే మాటతో ముగిస్తే, మొదటిది రాసి తలెత్తిన లేఖకుడి చూపు మళ్లీ దిగేటప్పుడు రెండోదాని చివర పడుతుంది. మధ్యలోది మొత్తం పోతుంది. మాతృకలో, అంటే నకలుకు ఆధారమైన ప్రతిలో, ఇలా ఉందనుకుందాం:

"మూడోసారి పిలిచాక గీత దాటకు. వచ్చినది వెళ్లిపోయిందని నీటిలో చూసుకునేదాకా గీత దాటకు. తరువాత దీపం ఆర్పు."

కన్ను జారిన ప్రతిలో మిగిలేది ఇంతే:

"మూడోసారి పిలిచాక గీత దాటకు. తరువాత దీపం ఆర్పు."

రెండో పాఠం తప్పుగా అనిపించదు, వ్యాకరణం సరిపోతుంది, అర్థమూ కుదురుతుంది. కానీ వచ్చినది వెళ్లిందో లేదో చూసుకునే మెట్టు పోయింది. ఈ ప్రతి నుంచి పుట్టిన నకళ్లన్నిటిలోనూ అదే లోపం. వాటిని వాడిన ప్రతివాడూ దీపం ఆర్పాక చీకట్లో ఇంకొకరితో మిగిలిపోతాడు. తరాలు గడిచేసరికి గ్రంథం శాపగ్రస్తమైందని పేరు వస్తుంది. నిజానికి శపించినవాడే లేడు, అలసిన లేఖకుడు ఒకడున్నాడు.

ఇలా పెట్టుకుంటే కథానాయకుడికి చేయదగ్గ పని కూడా దొరుకుతుంది. ప్రతులన్నీ పక్కపక్కన పెట్టి, ఒకే తప్పు పంచుకున్నవాటిని ఒక శాఖగా విడదీసి, ఆ తప్పు లేని శాఖ కోసం వెతకాలి. నిజమైన పాఠ పరిష్కర్తలు చేసేదీ ఇదే. గుర్తుంచుకోవలసిన సూత్రం: సరైన పాఠం రెండు ప్రతుల్లో ఉండటం వల్ల వాటి చుట్టరికం రుజువు కాదు, ఒకే తప్పు ఉండటం వల్లే రుజువవుతుంది. పాత ప్రతి అయినంత మాత్రాన మంచి ప్రతి కావాలనీ లేదు. మంచి మాతృక నుంచి నిన్న తీసిన నకలు, చెడ్డ మాతృక నుంచి ఐదు వందల ఏళ్ల కింద తీసిన నకలుకన్నా మేలు. ఎక్కువ ధర పెట్టి పురాతన ప్రతి కొన్న మాంత్రికుడు అందుకే చావవచ్చు.

మరో పొరపాటు, అంచున రాసుకున్న వ్యాఖ్య తరువాతి నకలులో అసలు పాఠంలోకి చొరబడటం. "ఇది నేను చేసి చూడలేదు" అని ఒక శిష్యుడు పక్కన రాసుకున్న మాట, రెండు తరాల తరువాత మంత్రంలో భాగమై, అందరూ భక్తిగా పఠిస్తుంటారు. ప్రక్షిప్తాలు ఇలాగే పుడతాయి.

దగ్గర పెట్టుకున్నవాడి మీద శాపం

ఇక్కడ చరిత్ర యజమానుల వరుసగా మారుతుంది. ఇలాంటి గ్రంథం త్వరత్వరగా చేతులు మారుతుంది. కొనేవాళ్లు తగ్గుతారు, కానుకలిచ్చేవాళ్లు పెరుగుతారు. శత్రువుకు కానుకగా పంపడం ఒక రాజనీతి అవుతుంది. మొదటి ఆకు మీద యజమానుల పేర్లు ఉంటాయి, వాటిలో కొన్ని గీకేసి ఉంటాయి. గీకినవాడు తన పేరు తీసేస్తే శాపం వదులుతుందని నమ్మాడన్నమాట.

ఈ వరుస ఎలా ఉండాలో చూపే నిజమైన ఉదాహరణ స్వీడన్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. సైతాను బైబిలని పేరుపడ్డ కోడెక్స్ గిగాస్. 13వ శతాబ్దం తొలినాళ్లలో బొహీమియాలో, అంటే ఇప్పటి చెక్ దేశంలో, తయారైంది. ఎత్తు సుమారు 90 సెంటీమీటర్లు, వెడల్పు 50, బరువు 75 కిలోలు, మిగిలిన ఆకులు 310. అప్పుల వల్ల మఠాల మధ్య చేతులు మారి, 1594లో రెండో రుడాల్ఫ్ చక్రవర్తి సంగ్రహానికి ప్రాగ్ చేరింది. 1648లో స్వీడన్ సైన్యం దోపిడీ సొమ్ముగా పట్టుకుపోయింది. 1697లో స్టాక్‌హోమ్ రాజప్రాసాదం తగలబడినప్పుడు కిటికీలోంచి బయట పడేసి కాపాడారు. అప్పు, ఆశ, యుద్ధం, అగ్ని అన్నీ ఉన్నా, ఏ మలుపుకూ మాయ అవసరం పడలేదు.

దాని ఐతిహ్యం ఇంకా గమనించదగ్గది. సజీవ సమాధి శిక్ష పడిన ఒక సన్యాసి, ఒక్క రాత్రిలో మహాగ్రంథం రాస్తానని మాటిచ్చి, చేతకాక సైతానుకు ఆత్మను అమ్ముకున్నాడని చెబుతారు. ఈ కథ ఊరికే పుట్టలేదు. గ్రంథమంతా ఒకే చేతిరాత, మొదటి నుంచి చివరి వరకూ దాదాపు మార్పు లేదు. 290వ ఆకు మీద నిలువెత్తు సైతాను బొమ్మ ఉంది. రాయడానికి కనీసం ఇరవై ఏళ్లు పట్టి ఉంటుందని నిపుణుల లెక్క, అయినా దస్తూరీ ముసలిది కాలేదు. కంటికి కనిపించే ఆ వింతకు జనం చెప్పుకున్న సమాధానం ఆ ఐతిహ్యం. ఊహాగ్రంథానికి పుక్కిటి పురాణం అల్లేటప్పుడు ఇదే పాటించాలి: పురాణం చెప్పే ప్రతి ముక్కకూ గ్రంథంలో చూపగలిగే మచ్చో, గీతో, ఖాళీయో ఉండాలి.

ఒళ్లు సరిగా ఉండాలి

గ్రంథాన్ని ఒక వస్తువుగా లెక్కగట్టకపోతే చరిత్ర తేలిపోతుంది. ఉదాహరణకు 30 సెంటీమీటర్ల ఎత్తు, 20 వెడల్పు, 240 తోలు ఆకులున్న గ్రంథం తీసుకుందాం. తెరిచిన జంట ఆకు 30కి 40. ఒక గొర్రె తోలులో పనికొచ్చే మేర నుంచి అలాంటివి రెండు వస్తాయి, అంటే నాలుగు ఆకులు. మొత్తం 60 తోళ్లు. రోజుకు నాలుగు పుటలు రాస్తే 480 పుటలకు 120 పనిదినాలు, బొమ్మలూ రంగులూ కాక. అరవై గొర్రెలకూ నాలుగు నెలల కూలికీ డబ్బు ఎవరు పెట్టారు? అడవిలో ఒంటరిగా ఉన్న మాంత్రికుడు పెట్టలేడు. రాజో, మఠమో, వర్తకుడో ఉండాలి, వాళ్ల లెక్కల పుస్తకంలో ఈ ఖర్చు ఏదో పేరుతో ఉండాలి.

ఆ 240 ఆకులూ ఎనిమిదేసి ఆకుల మడతలుగా, 30 మడతలుగా కుడతారు. ఇందులో అపరాధ పరిశోధన చేసేవాళ్లకు పనికొచ్చే వివరం ఒకటుంది. తోలుకు వెంట్రుకల వైపు కాస్త ముదురుగా, సూక్ష్మ రంధ్రాలతో ఉంటుంది. మాంసం వైపు తెల్లగా, నున్నగా ఉంటుంది. తోలు గ్రంథాల్లో తెరిచిన రెండు పుటలూ ఒకే వైపువి ఉండేలా మడత పెట్టేవారు. ఎక్కడైనా ఎడమ పుట ముదురుగా, కుడి పుట తెల్లగా కనిపిస్తే అక్కడ ఒక ఆకు పోయిందని అనుమానించాలి. పైగా ఒక ఆకు కోసేస్తే మడతకు అటువైపున్న జంట ఆకు పట్టు తప్పి వదులవుతుంది. అందుకే తెలిసిన దొంగ మొదటంటా కోయడు, కుట్టు దగ్గర వేలెడు వెడల్పు ముక్క వదిలేస్తాడు. పుటల సంఖ్యలు తరువాత వేసినవైతే లోపం అంకెల్లో కనిపించదు, తోలులోనే కనిపిస్తుంది.

తోలు గ్రంథం చెమ్మకు ఉబ్బుతుంది. బరువైన చెక్క అట్టలూ, ఇత్తడి కొక్కేలూ అందుకే, ఆకులను నొక్కి పట్టడానికి. కొక్కెం విరిగితే తడిగాలి తగిలిన రోజుల్లో ఆకులు అలలు తేలి పై అట్ట దానంతట అదే లేస్తుంది. "రాత్రిపూట తెరుచుకునే గ్రంథం" అనే పుకారుకు ఇంతకన్నా మంచి పుట్టుక దొరకదు.

సిరాది మరో కథ. మాచికాయలు దంచి నానబెట్టి, వడకట్టిన కషాయంలో అన్నభేది అనే ఇనుప లవణం, తుమ్మజిగురు కలిపితే నల్ల సిరా వస్తుంది. మూడు పాళ్లు మాచికాయ, రెండు పాళ్లు అన్నభేది, ఒక పాలు జిగురు అన్నది పాత కొలతల్లో ఒకటి. రాసినప్పుడు వెలవెలబోతూ ఉండి గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది. అన్నభేది ఎక్కువైతే సిరాలోని ఇనుమూ ఆమ్లమూ కలిసి కాగితాన్ని తినేస్తాయి. ముందు అక్షరం చుట్టూ గోధుమరంగు మరక వస్తుంది, ఆ తరువాత పగులు, చివరికి అక్షరం ఊడిపోయి దాని ఆకారంలోనే రంధ్రం మిగులుతుంది. తోలు మీద ఈ నష్టం తక్కువ, కాగితం మీద ఎక్కువ. తన మాటలను తానే మింగే గ్రంథం కావాలంటే కాగితం మీద, ఇనుము ఎక్కువైన సిరాతో రాయించాలి. ఎక్కువ సిరా పడ్డ పెద్ద అక్షరాలు, అంటే అధ్యాయాల పేర్లు, ముందు పోతాయి.

విషం సంగతి క్లుప్తంగా. ఒక్కసారి పుట తిప్పి వేలు నాకితే కుప్పకూలడం కథల్లో బాగుంటుంది, నమ్మకం కలగదు. ఆర్సెనిక్ కలిసిన పచ్చ రంగు అట్టలు 19వ శతాబ్దంలో నిజంగానే తయారయ్యాయి. 2019 నుంచి అమెరికాలోని వింటర్‌థర్ మ్యూజియం వాటిని వెతికి జాబితా చేస్తోంది. వాటితో భయం చేతులకంటే, నోట్లోకీ ఊపిరిలోకీ పోయే పొడితో. ఏళ్లపాటు ఒంట్లోకి పోయే ఆర్సెనిక్ చర్మం మీద మచ్చలు తెస్తుంది, చేతులూ కాళ్లూ మొద్దుబారుస్తుంది. తరతరాల గ్రంథపాలకులకు ఒకే జబ్బు రావడం పుస్తకం మీది శాపానికి గట్టి పునాది. కానీ ఆ రంగు చేయగలిగే రసాయన విద్య మీ లోకంలో ఉండాలి.

మనిషి చర్మంతో అట్ట వేశారనే మాట అలంకారంగా వాడేస్తుంటారు. అది అలంకారం కాదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయం తన దగ్గరున్న అలాంటి ఒక పుస్తకం అట్టను పరీక్షలతో ధ్రువపరచుకుని, 2024లో దాన్ని పుస్తకం నుంచి తీసేసింది. ఆ చర్మం ఒక రోగి శవం నుంచి అనుమతి లేకుండా తీసినది. ఊహాలోకంలోనైనా ఆ చర్మం ఎవరిదో, వాళ్ల మనుషులు ఇంకా ఎవరైనా ఉన్నారో లేదో చెప్పగలిగితేనే ఆ వివరం పెట్టాలి.

నాశనం చేయబోయినవాడి మీద శాపం

తగలబెట్టినా తగలబడలేదు అని రాసేముందు తెలుసుకోవలసింది, మందపాటి తోలు గ్రంథం మూసి ఉన్నప్పుడు మామూలుగానే సరిగా కాలదు. లోపలికి గాలి వెళ్లదు. అంచులు మాడి ముడుచుకుపోతాయి, నడిమి భాగం మిగులుతుంది. 1731లో లండన్‌లో, రాబర్ట్ కాటన్ అనే ఆయన పోగుచేసిన రాతప్రతుల సంగ్రహానికి నిప్పంటుకున్నప్పుడు చాలా ప్రతులు ఇలాగే ముడుచుకుపోయి, మాడిన అంచులతో బయటపడ్డాయి. కాబట్టి మాయతో నిమిత్తం లేకుండానే ఒక దహనం నుంచి గ్రంథాన్ని బతికించవచ్చు. అంచు పాఠం పోతుంది, అంచున వ్యాఖ్యలు రాసుకున్న తరాల జ్ఞానమంతా దానితో పోతుంది. పంక్తుల మొదలో చివరో తెగిపోయిన మంత్రాన్ని పూరించే ప్రయత్నంలోనే తరువాతి ప్రమాదాలు పుడతాయి.

పాతిపెట్టడం మరో దారి. ఐస్లాండ్ జానపద కథలో రౌద్‌స్కిన్నా అనే ఎర్రతోలు మంత్రగ్రంథాన్ని హోలార్ బిషప్ గోట్‌స్కాల్క్ తనతోపాటు సమాధిలోకి తీసుకుపోయాడంటారు. రెండు వందల ఏళ్ల తరువాత లోఫ్తుర్ అనే విద్యార్థి రాత్రివేళ చర్చిలో మంత్రాలతో అతన్ని లేపాడు. గ్రంథం అందుకోగానే చేత్తో సైగ చేస్తాననీ, అప్పుడు గంట కొట్టమనీ మిత్రుణ్ణి తాడు దగ్గర నిలబెట్టాడు. బిషప్ గ్రంథాన్ని చూపాడు, లోఫ్తుర్ చెయ్యి చాచాడు. మిత్రుడు దాన్నే సైగ అనుకుని గంట కొట్టేశాడు. బిషప్ గ్రంథంతో సహా నేలలోకి దిగిపోయాడు.

చరిత్రలో ఖాళీలు ఎక్కడ పెట్టాలో ఈ కథ చెబుతుంది. గ్రంథం కనుమరుగైన ప్రతిసారీ కారణం వేరుగా ఉండాలి: ఒకసారి తాకట్టు, ఒకసారి వరద, ఒకసారి జాబితాలో తప్పు పేరు, ఒకసారి తొందరపడ్డ మిత్రుడు. ఐదు వందల ఏళ్ల చరిత్రకు నమోదైన యజమానులు ఏడెనిమిది మంది, మధ్యలో రెండు మూడు పెద్ద ఖాళీలు చాలు. రాసేవాళ్లు మాత్రం ఆ ఖాళీల్లో గ్రంథం ఎక్కడుందో తెలుసుకుని ఉండాలి, పాత్రలకు తెలియకపోయినా సరే. చివర్లో వరుసను ఒక్కసారి వెనక నుంచి ముందుకు చదివి చూడండి. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి, ఏ దారిన, ఎంత ధరకు అన్నదానికి ఎక్కడైనా జవాబు రాకపోతే, ఆ చోట శాపాన్ని కాదు, మనిషిని పెట్టాలి.